ఇంటిల్లిపాదికీ ఒకే బీరువా

ఈ మాట విని మొదట నవ్వినవాణ్ణి నేనే. "మొగోళ్ళ బట్టలు, ఆడోళ్ళ బట్టలు, పిల్లల బట్టలు అన్నీ ఒకే బీరువాలోనా? ఇదేమన్నా బట్టల దుకాణమా?" అని మా ఇంటామెను ఎగతాళి చేశాను. అది జరిగి అయిదేళ్ళు దాటింది. ఇప్పుడు షార్జాలో మేముండే ఒక బెడ్‌రూమ్ ఫ్లాట్‌లో నలుగురి బట్టలూ ఒకే బీరువాలో ఉంటాయి. ఉతకడం, ఆరేయడం, మడతపెట్టడం కూడా నలుగురి పనే. గల్ఫ్‌లో కుటుంబంతో ఉంటున్న మనోళ్ళూ, కుటుంబాన్ని ఊళ్ళో వదిలి క్యాంపుల్లో ఉంటున్న మనోళ్ళూ ఈ సంగతి ఒకసారి ఆలోచిస్తారని రాస్తున్నాను. బట్టల గురించి కూడా పేపర్లో రాస్తారా అనుకోవద్దు. ఆడవాళ్ళ పొద్దంతా దేనికి పోతోందో లెక్క తీస్తే వంట తర్వాత బట్టలే కనబడతాయి. ఆ లెక్క నేను తీసింది చాలా ఆలస్యంగా, అదీ పని లేక ఇంట్లో కూర్చున్నప్పుడు.

ముందు లాకర్ సంగతి చెప్పాలి. నేను 2004లో ఏసీ హెల్పర్‌గా దుబాయ్ వచ్చాను. పదకొండేళ్ళు సోనాపూర్ క్యాంపులోనే ఉన్నాను. రూముకు ఎనిమిది మందిమి. కింద ఒకడు, మీద ఒకడు పడుకునే ఇనుప మంచాలు నాలుగు. యూఏఈ ప్రభుత్వం 2009లో తెచ్చిన ప్రమాణాల ప్రకారం క్యాంపులో మనిషికి కనీసం 3 చదరపు మీటర్ల జాగా ఉండాలి. మూడు మీటర్లంటే ఎంతో క్యాంపులో ఉన్నోళ్ళకు చెప్పక్కరలేదు. అందులో మన సొంతం అనిపించుకునేది ఒక్క లాకరే. బట్టలు, అవ్వ పంపిన మామిడికాయ తొక్కు సీసా, జండూబామ్, ఇంటికి డబ్బులు పంపిన రసీదులు, పాస్‌పోర్టు జిరాక్సు, పిల్ల ఫోటో అన్నీ దాంట్లోనే. తాళంచెవి మొలతాడుకు. స్నానానికి పోయినా అది ఒంటి మీదనే ఉండేది.

బట్టల పని శుక్రవారం పొద్దున. అప్పట్లో మాకు సెలవు ఆ రోజే. నాలుగున్నరకు లేస్తేనే బాత్రూము ముందు బకెట్టుకు జాగా దొరికేది. రాత్రే సర్ఫులో నానబెట్టి, పొద్దున బ్రష్షుతో కాలర్లు రుద్ది, పిండి, దండెం మీద ఆరేసి, అవి ఆరేదాకా అక్కడే కాపలా కూర్చునేవాళ్ళం. కాపలా లేకపోతే మంచి బనీను పోయి పాత బనీను మిగిలేది. అందుకే కాలరు లోపల మార్కర్‌తో పేరులో మొదటి అక్షరం రాసుకునేవాళ్ళం. మా రూములో నా ఉతుకుడికి పేరుండేది. "భాయ్, నీ తెల్లచొక్కా చూస్తే దుకాణంలకెల్లి ఇప్పుడే తెచ్చినట్టున్నది" అనేవాళ్ళు. ఎందుకు చెబుతున్నానంటే, పదకొండేళ్ళు నా బట్టలు నేనే ఉతుక్కున్నాను. ఎవరూ నేర్పలేదు, అవసరం నేర్పింది. ఇది చదువుతున్న మీలో చాలామంది కూడా అంతే.

2015లో నాకు జీతం పెరిగి, కుటుంబాన్ని తెచ్చుకున్నాను. పాపకు అయిదేళ్ళు, బాబుకు రెండు. ఆమె వచ్చిన మొదటి వారమే నేను డ్యూటీ నుంచి వచ్చి చొక్కా విప్పి కుర్చీ మీద పడేశాను. మర్నాడు అది ఉతికి, ఇస్త్రీ చేసి ఉంది. ఆ తర్వాత అయిదేళ్ళలో నేను బకెట్టు ముట్టిన గుర్తు లేదు. ఎవరూ నన్ను మానుకోమనలేదు, నేనూ మానాలనుకోలేదు. పెళ్ళాం రాగానే పదకొండేళ్ళ అలవాటు ఒక్క పూటలో ఎట్లా పోయిందో నాకు ఇప్పటికీ అర్థం కాదు. పోని అలవాటు మాత్రం ఒకటుంది. ఫ్లాట్‌లోకి దిగిన నెలలోనే నాకంటూ ఒక సన్నటి ఇనుప బీరువా కొనుక్కుని, దానికి క్యాంపు తాళమే వేశాను.

"ఎవల కోసం తాళం? ఈ ఇంట్ల దొంగలెవరు? నేనా, పిల్లలా?" అని అడిగిందామె.

నాకు జవాబు దొరకలేదు. "అలవాటు" అన్నాను. నిజమే, అలవాటే. కానీ ఆమెకు అది ఎట్లా తగిలిందో ఆలోచించలేదు. పదేళ్ళు మొగుడు ఎప్పుడొస్తాడా అని ఎదురుచూసి, తీరా తాను దేశం దాటి వచ్చేసరికి ఆ మొగుడు తన బట్టలకు తాళం వేసుకుంటున్నాడు.

ఇక మా ఇంట్లో బట్టల ఏర్పాటు వినండి. నావి ఇనుప బీరువాలో. ఆమెవి బెడ్‌రూమ్‌లో గోడకున్న కబోర్డులో. పాపవి ప్లాస్టిక్ డ్రాయర్లలో. బాబువి మంచం కింద సూట్‌కేసులో. తలుపుల వెనక కొక్కేలకు వేలాడేవి వేరే. వాషింగ్ మెషిన్ వంటగదిలో. బాల్కనీలో ఆరేయడానికి వీల్లేదు, రోడ్డుకు కనబడేటట్టు ఆరేస్తే బల్దియావాళ్ళు ఊరుకోరు. అందుకని ఆరేసే స్టాండు హాల్లో. అంటే ఒక్కో చొక్కా కుర్చీ మీద నుంచి మెషిన్‌కు, అక్కడి నుంచి హాలుకు, హాలు నుంచి ఇస్త్రీకి, తిరిగి నాలుగు మూలలకు ప్రయాణం చేయాలి. ఆ ప్రయాణమంతా ఒక్క మనిషి కాళ్ళ మీద నడిచింది.

2020లో కరోనా వచ్చింది. మా కంపెనీ జీతం లేని సెలవు ఇచ్చి ఇంట్లో కూర్చోమంది. మా ఇంటామె అప్పటికి ఏడాదిగా ఒక క్లినిక్‌లో హెల్పర్‌గా చేస్తోంది. ఆమె డ్యూటీ ఆగలేదు, పైగా పెరిగింది. సాయంత్రం వచ్చి తలుపు దగ్గరే బట్టలు మార్చుకుని, వాటిని సంచిలో వేసి, స్నానం చేసిగానీ పిల్లల్ని ముట్టేది కాదు. రోజూ ఆ బట్టలు ఉతకాలి. ఇంట్లో ఉన్నది నేను. మెషిన్ ఏ బటన్ నొక్కితే తిరుగుతుందో పదేళ్ళ పాప చూపిస్తే తెలుసుకున్నాను. క్యాంపులో పేరున్న ఉతుకుడుగాణ్ణి!

మొదటి వారంలోనే తెలిసిపోయింది. మెషిన్ తన పని గంటలో చేసేస్తుంది. మిగతాదంతా మనిషే చేయాలి. ఏ గుడ్డ ఎవరిదో ఏరాలి, ఎక్కడిదో గుర్తుపట్టాలి, బాబు నిక్కరు సూట్‌కేసులోకా డ్రాయరులోకా అని వెతకాలి, మంచం కిందికి వంగాలి, లేవాలి. నాలుగో రోజు నా ఇనుప బీరువా తాళం తీయలేక (చెవి ఎక్కడో పెట్టి మరిచాను) నా బట్టలు కుర్చీ మీద కుప్ప పడ్డాయి. రాత్రి డ్యూటీ నుంచి వచ్చి ఆమె ఆ కుప్ప చూసి ఏమీ అనలేదు. నవ్వింది. ఆ నవ్వు కన్నా తిట్టినా బాగుండేది.

"ఇవన్నీ ఒక్క కాడ పెడదాం. మెషిన్ పక్కన్నే. నేను వచ్చిన కాడికెల్లి అనుకుంటున్న" అంది. నేను ఎగతాళి చేసింది అప్పుడే. ఎగతాళి చేసినంతసేపు పట్టలేదు ఒప్పుకోవడానికి.

ఆ ఏడాది మే 7న వందే భారత్ విమానాలు మొదలయ్యాయి. మా బిల్డింగ్‌లో ఉద్యోగం పోయిన ఒక తెలుగు కుటుంబం సామాను అమ్ముకుని ఇంటికి బయలుదేరింది. వాళ్ళ మూడు తలుపుల చెక్క బీరువాను 150 దిర్హమ్‌లకు తీసుకున్నాం. బేరం ఆడబుద్ధి కాలేదు. లోపలి తలుపు మీద వాళ్ళ పిల్లలు అంటించిన కార్టూన్ బొమ్మలు ఇప్పటికీ అట్లనే ఉన్నాయి. దాన్ని వంటగదికీ హాలుకూ మధ్య నడవాలో నిలబెట్టి, ఇంట్లో ఉన్న బట్టలన్నీ తెచ్చి చాపమీద పోశాం. లెక్కపెడితే 186. నలుగురికి! అందులో బాబుకు చిన్నవైపోయినవి, నాకు పొట్ట పట్టనివి, సేల్‌లో కొని లేబుల్ కూడా తీయనివి కలిపి 70 పైన. పాపకు ఒకే రంగు గౌన్లు మూడున్నాయి. ఒకటి డ్రాయరులో కనబడక రెండోది, అదీ కనబడక మూడోది కొన్నాం. బట్టలు నాలుగు చోట్ల ఉంటే ఇంట్లో ఏముందో ఎవరికీ తెలియదు. తెలియకపోతే మళ్ళీ కొంటాం. మన జీతాలకు ఇది చిన్న సంగతేమీ కాదు.

మా ఏర్పాటు చాలా మామూలుది. వేలాడదీసేవి ఒక తలుపు వెనక, మడతవి ఒక తలుపు వెనక, దుప్పట్లు తువ్వాళ్ళు మూడో దాంట్లో. మనిషికొక అర. కింద రెండు బుట్టలు, ఒకటి తెల్లవాటికి, ఒకటి రంగువాటికి. విప్పిన బట్ట కుర్చీ మీదికి పోదు, బుట్టలోకే పోతుంది. ఎవరి కళ్ళకు బుట్ట నిండినట్టు కనబడితే వాళ్ళు మెషిన్ వేస్తారు. రాత్రి అన్నం తిన్నాక టీవీ ముందు నలుగురం కూర్చుని మడతపెడతాం. ఇరవై నిమిషాల పని. ముందు ఆమె ఒక్కతే చేసినప్పుడు గంటన్నర పట్టేది. ఇందులో పెద్ద తెలివేమీ లేదు. బట్టలు ఒక్క చోట ఉన్నాయి కాబట్టి పని కూడా ఒక్క చోట కనబడుతుంది, కనబడ్డ పనిని చూడనట్టు దాటిపోవడానికి మొహం చెల్లదు. నాలుగు మూలల్లో చెదిరి ఉన్నప్పుడు ఆ పని ఆమెకు తప్ప ఎవరికీ కనబడలేదు.

మన దేశ ప్రభుత్వం 2024లో జరిపిన టైమ్ యూజ్ సర్వేలో ఇంటిపని చేసే ఆడవాళ్ళు సగటున రోజుకు 289 నిమిషాలు జీతం లేని ఇంటిపనికి పెడుతున్నారని తేలింది. ఇంటిపని చేసే మగవాళ్ళు పెట్టేది 88 నిమిషాలు. 2019 సర్వేలో ఇవి 299, 97. అంటే అయిదేళ్ళలో ఆడవాళ్ళకు పది నిమిషాలు తగ్గితే, మగవాళ్ళకూ తొమ్మిది తగ్గాయి! 289 నిమిషాలంటే అయిదు గంటలకు పదకొండు నిమిషాలు తక్కువ. మనకు రోజుకు అయిదు గంటల ఓవర్‌టైమ్ చేయించి పైసా ఇవ్వకపోతే లేబర్ కోర్టుకు పోమా?

మా అవ్వకు ఈ వ్యవహారం నచ్చలేదు. వీడియో కాల్‌లో మనవడు తువ్వాలలు మడతపెట్టడం చూసింది.

"మొగపిల్లగానితోని బట్టలు మడతపెట్టిస్తున్నవా బిడ్డా?"

"నేను క్యాంపుల పదకొండేండ్లు ఉతుక్కున్న గదనే అవ్వా."

"అది దిక్కులేక. ఇప్పుడు దిక్కున్నది గద."

అవ్వ మాటలో మోసం లేదు, ఆమె నమ్మిందే చెప్పింది. కానీ ఆ "దిక్కు" అన్న మాట నాకు చాలా రోజులు గుచ్చుకుంది. నా కొడుకు కూడా రేపు ఏ దేశం పోతాడో, ఏ రూములో ఎంతమందితో ఉంటాడో. అప్పుడు దిక్కులేక నేర్చుకునే కన్నా ఇప్పుడు చెల్లునవ్వులతో నేర్చుకోవడమే మంచిది కదా.

ఇక అన్నీ ఒకే బీరువాలో అన్నాను గానీ, ఒక్కటి మాత్రం అందులోకి రానివ్వను. అది డ్యూటీ బట్ట. ఇది మన పనివాళ్ళంతా చెవిన వేసుకోవాల్సిన సంగతి. నేను ఏసీ డక్టుల పని చేసినవాణ్ణి. డక్టుకు చుట్టే గ్లాస్ ఊల్ నూగు కవరాల్‌కు అంటుకుని ఇంటికొస్తుంది. దాన్ని మిగతా బట్టలతో కలిపి తిప్పితే ఆ నూగు పిల్లల బనీన్లకు పట్టుకుంటుంది. మా బాబుకు చిన్నప్పుడు ఒళ్ళంతా దద్దుర్లొస్తే నెల రోజులు పాలు మార్చి చూశాం, సబ్బు మార్చి చూశాం. నా కవరాల్ అని ఎవరికీ తట్టలేదు. మేస్త్రీ పనివాళ్ళ సంగతీ ఇంతే. తడి సిమెంటు గాఢమైన క్షారం, చర్మాన్ని కాలుస్తుంది. అందులో ఉండే క్రోమియం కొందరికి అలర్జీ తెస్తుంది, ఒకసారి పట్టుకుంటే ఏళ్ళ తరబడి వదలదు. కాబట్టి కవరాల్‌ను గదిలోకి తేకుండా బయటే దులిపి, వేరే సంచిలో పెట్టి, విడిగా ఉతకాలి. ఉతికాక మెషిన్‌ను ఒకసారి ఖాళీగా నీళ్ళతో తిప్పాలి. కంపెనీలో లాండ్రీ ఉంటే అసలు ఇంటికే తేవద్దు.

ఇదేదో చాదస్తం అనుకునేవాళ్ళకు ఒక్క మాట. 1965లో లండన్‌లో న్యూహౌస్, థాంప్సన్ అనే ఇద్దరు పరిశోధకులు ఊపిరితిత్తుల చుట్టూ ఉండే పొరకు వచ్చే ఒక రకం క్యాన్సర్ మీద పరిశీలన చేశారు. ఆ జబ్బుకు కారణం ఆస్బెస్టాస్ దుమ్ము. జబ్బు పడ్డవాళ్ళలో ఫ్యాక్టరీ గడప తొక్కనివాళ్ళు కూడా కొందరు ఉన్నారు. వాళ్ళు ఆస్బెస్టాస్ పనివాళ్ళ ఇంటి మనుషులు, ముఖ్యంగా వాళ్ళ డ్యూటీ బట్టలు ఉతికిన భార్యలు. పని చేసింది మొగుడు, బట్ట దులిపింది పెళ్ళాం. పాత బిల్డింగులు పడగొట్టే పనుల్లో, పాత రేకులు విప్పే పనుల్లో ఉన్నవాళ్ళు ఇది మరవొద్దు.

క్యాంపు రూముల్లో ఒకే బీరువా మాట నేను అనను. అక్కడ ఎవరి లాకర్ వాళ్ళదే ఉండాలి, ఎవరి తువ్వాల వాళ్ళదే ఉండాలి. ఒకడికి గజ్జి వస్తే రూమంతా పాకడానికి వారం చాలు. అట్లా వచ్చినప్పుడు డాక్టరు మందు రూములో అందరూ ఒకేసారి రాసుకోవాలి, దుప్పట్లు బట్టలు వేడినీళ్ళలో ఉతకాలి. ఉతకడానికి వీలుకానివి ప్లాస్టిక్ సంచిలో గాలి పోకుండా కట్టి కనీసం మూడు రోజులు పక్కన పెట్టాలి, ఆ పురుగు మనిషి ఒంటిని వదిలితే ఎక్కువ రోజులు బతకదు. సిగ్గుపడి దాచిపెట్టేవాళ్ళే ఎక్కువ.

ఇంట్లో ఒకే బీరువా పెట్టుకునేవాళ్ళకు కూడా ఇక్కడి వాతావరణంతో తంటాలున్నాయి. ఆగస్టులో గాలిలో తేమకు హాల్లో ఆరిన బట్ట ఆరినట్టే ఉంటుంది, లోపల చల్లగా ఉంటుంది. అట్లనే మడతపెట్టి పెడితే ఒక్క చొక్కా వాసన బీరువా మొత్తానికి పడుతుంది. అందుకే కుట్లు, జేబులు చేత్తో తడిమి చూసి గానీ లోపల పెట్టం. ఎండాకాలం ట్యాంకు నీళ్ళు చన్నీళ్ళ కుళాయిలోనే కాగిపోయి వస్తాయి, రంగులు దిగిపోతాయి. అప్పుడు గీజర్ ఆపేసి, ఏసీ ఇంట్లో చల్లబడ్డ ఆ గీజర్ నీళ్ళతోనే చేత్తో ఉతికే బట్టలు ఉతుకుతాం. (ఈ చిట్కా గల్ఫ్‌లో వేసవి గడిపిన ప్రతి ఇంటికీ తెలుసు, కొత్తవాళ్ళ కోసం రాశాను.) కలరా ఉండలు వేయడం మానేశాం. జీ6పీడీ అనే ఎంజైమ్ లోపం ఉన్న పసిపిల్లలకు ఆ ఉండలు వేసి దాచిన బట్టలు తొడిగితే రక్తకణాలు పగిలి ప్రాణం మీదికి రావచ్చు. మన పిల్లలకు ఆ లోపం ఉందో లేదో పరీక్ష చేయిస్తే తప్ప తెలియదు. అందరి బట్టలూ కలిసి ఉండే చోట ఆ ఉండలు అసలే వద్దు.

దీనికి అడ్డం చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు, వాళ్ళవన్నీ తీసిపారేసే మాటలు కావు. మా ఫ్రెండ్ ఒకాయన "అన్నా, ఎదిగిన ఆడపిల్ల ఉన్న ఇంట్ల గిదేం పద్ధతే?" అన్నాడు. ఆయన మాటలో న్యాయం ఉంది. మా పాపకు పన్నెండేళ్ళు వచ్చినప్పుడు తనే వచ్చి వాళ్ళమ్మ చెవిలో ఏదో చెప్పింది. మర్నాటి నుంచి బీరువాలో ఆమె అరకు ఒక మూత పెట్టె వచ్చింది. లోదుస్తులు, నెలసరి సామాను అందులో. దాన్ని నేను గానీ, బాబు గానీ ముట్టం. అట్లాగని మిగతా బట్టలన్నీ వేరే గదికి పోనక్కరలేదు. ఇంకొక సంగతి, నెలసరి గుడ్డలు వాడే ఇళ్ళల్లో వాటిని తలుపుల వెనక, మంచం కింద చీకట్లో ఆరేస్తుంటారు. సిగ్గుకు దాచే ఆ గుడ్డలు సరిగ్గా ఆరక జబ్బులు తెస్తాయి. మా ఇంట్లో వాటికి స్టాండు మీద చోటుంది. మొదట నాకూ ఇబ్బందే అనిపించింది. రెండు నెలలకు పోయింది.

బంగారం, పాస్‌పోర్టులు, ఇంటి కాగితాల సంగతేంటి అంటారు. వాటికి తాళం పెట్టె ఉండాల్సిందే. నా పాత ఇనుప బీరువా ఇప్పుడు అందుకే ఉంది. చెవులు రెండు, ఒకటి ఆమె దగ్గర.

ఇంతదాకా కుటుంబం పక్కన ఉన్నోళ్ళ మాట. కానీ మనలో ఎక్కువమందికి ఆ అదృష్టం లేదు. యూఏఈలో కుటుంబాన్ని తేవాలంటే నెలకు 4000 దిర్హమ్‌లు, లేదా 3000తో పాటు ఇల్లు ఉండాలి. సౌదీలో 2017 జూలైలో కుటుంబసభ్యుల మీద తలకు నెలకు 100 రియాళ్ళ ఫీజు మొదలుపెట్టి, ఏటా వంద పెంచుకుంటూ 2020కి 400 చేశారు. ముగ్గురుంటే నెలకు 1200. ఆ దెబ్బకు ఎంతోమంది ఇంటివాళ్ళను విమానం ఎక్కించి తాము బ్యాచిలర్ రూములకు మారారు. వాళ్ళకు ఈ బీరువా గొడవతో ఏం పని అనుకుంటున్నారేమో. అసలు పని వాళ్ళకే ఉంది.

మీరు లీవుకు పోయినప్పుడు మీ సూట్‌కేసు ఎక్కడుంటుంది? నేను పోయినప్పుడల్లా అది నడింట్లో గోడకు ఆనించి ఉండేది. నలభై అయిదు రోజులూ దాంట్లోంచే తీసుకుని తొడుక్కునేవాణ్ణి. విప్పినవి పక్కన పడేస్తే ఎవరో ఒకరు ఉతికి మళ్ళీ దాని మీదే పెట్టేవాళ్ళు. మూడేళ్ళ పాప ఆ సూట్‌కేసు చుట్టూ తిరిగి "మళ్ల ఎప్పుడు పోతవ్?" అని అడిగింది. ఎప్పుడొచ్చినవ్ అని కాదు, ఎప్పుడు పోతవ్ అని. మూత తెరిచి ఉన్న సూట్‌కేసు పిల్లలకు చెప్పేది అదే. ఈసారి పోయినప్పుడు మొదటి రోజే దాన్ని ఖాళీ చేసి అటక మీద పెట్టండి. మీ బట్టలు ఇంటి బీరువాలో, పిల్లల బట్టల పక్కన పెట్టండి. జాగా లేకపోతే మీ చేత్తోనే సర్ది జాగా చేయండి. ఆ సర్దేటప్పుడు తెలుస్తుంది, మీ పెళ్ళాం చీరల్లో ఎన్ని చిరిగి కుట్టుకున్నవో, పిల్లగాడి స్కూలు నిక్కరు ఎంత పొట్టిదైందో. నెలకోసారి ఫోన్‌లో "ఏమన్నా కావాల్నా" అని అడిగితే "ఏం వద్దు" అనే జవాబే వస్తుంది.

ఇంకోటి, డబ్బులు పంపి వాషింగ్ మెషిన్ కొనిచ్చాం కదా అని చేతులు దులుపుకోవద్దు. 2012లో నేను మా ఊళ్ళో కొనిపించిన మెషిన్ మీద ఏడాది తర్వాత లీవుకు పోయి చూస్తే పూల గుడ్డ పరిచి, దాని మీద బియ్యం సంచి ఉంది. మా ఊళ్ళో నల్లా రోజు మార్చి రోజు వస్తుంది, అది కూడా సన్నగా. మెషిన్‌కు నీళ్ళు ఎక్కవు. ఎక్కినా, అవ్వవి, బాపువి, తమ్ముడి కుటుంబానివి, పిల్లలవి కలిపి తొమ్మిది మంది బట్టలు. అన్నీ బావి కాడ బండ మీదే ఉతికేది మా ఇంటామె. నేను ఫోన్‌లో "మెషిన్ మంచిగ నడుస్తున్నదా" అని అడిగితే "నడుస్తున్నది" అని చెప్పేది. పైసలు పెట్టి కొన్న మొగుడి మనసు నొచ్చుకుంటుందని. ఓవర్‌హెడ్ ట్యాంకు కట్టించి ఉంటే సరిపోయేది. మెషిన్ కన్నా ముందు కట్టించాల్సింది అదే. చూడకుండా పంపే సామాను ఇట్లనే ఉంటుంది.

మా ఊరి ఇంట్లో ఒక గోద్రెజ్ బీరువా ఉంది, బాపు కొన్నది. అందులో నడిమి అర నాది. ఇరవై ఏళ్ళుగా అవ్వ దాన్ని ఎవరికీ ఇవ్వలేదు. నేను దుబాయ్ పోయేనాటి ప్యాంట్లు, పెళ్ళినాటి చొక్కా, మొదటి లీవులో కొనుక్కున్న సఫారీ అన్నీ మడత చెదరకుండా అక్కడే ఉన్నాయి. ఒక్కటీ నాకు పట్టదు. కింద అరలో తమ్ముడి ముగ్గురు పిల్లల బట్టలు కుక్కి కుక్కి తలుపు మూతపడదు. వచ్చే నెల మేమంతా లీవుకు పోతున్నాం. మొన్న అవ్వకు ఫోన్ చేసి, ఆ అర ఖాళీ చేసి పిల్లలకు ఇయ్యమన్నాను, చొక్కాలు ఎవరికన్నా పనికొస్తే ఇచ్చెయ్యమన్నాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు.

"నాతోని కాదు బిడ్డా. వచ్చినంక నువ్వే తియ్యి" అంది.